కాలు తీయండి

సౌభాగ్యవతి అయిన నా ఇంటిదానికి, నీ పెనిమిటి ఎవరి చేతా రాయించకుండా తన చేత్తో తానే కొట్టేసుకుంటూ, దిద్దుకుంటూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కణ్ణే కనుక ఆ ముక్క రాయడానికి పెద్దగా ఆలోచించనక్కర లేకపోయింది. అక్కడ నువ్వూ, మీ అక్కగారూ, ఆవిడ విరిగిన తుంటి ఎముకా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవన్నీ చదివాను. అన్నిటికీ జవాబులు రాస్తాను. కానీ ముందు నా మాట. ఏడేళ్ళుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్న మాట. అది కక్కితే గానీ మిగతావి బయటికి రావు.

సరుకు యార్డులో నన్ను ఏమని పిలుస్తారో నీకు తెలుసు. తెలిసీ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతావు. నలభై ఏళ్ళు స్టీరింగు తిప్పినవాణ్ణి. నా తర్వాత బండి పట్టినవాళ్ళు ఇప్పుడు సొంత బండ్లకి ఓనర్లయ్యారు. అలాంటి నన్ను పట్టుకుని "కాలుతీయండిగారు" అంటారు. గేటు దగ్గర చీటీలు చింపే మనిషి మొన్న కొత్తగా చేరాడు. అతనికి నా ముఖం కూడా సరిగ్గా తెలీదు. అతను సైతం లోపలికి తిరిగి "కాలుతీయండిగారి లారీ వచ్చింది, కాటా మీదికి పంపనా?" అని కేకేశాడు. ఆ పేరు వాళ్ళు పెట్టింది కాదు, నువ్వు పెట్టింది. యార్డు దాటగానే వచ్చే గుట్ట ఎత్తు దగ్గర, హమాలీలందరూ బస్తాల మీద కూర్చుని చూస్తుండగా, నా పక్క సీట్లో కిటికీ అద్దం దించుకుని కూర్చుని, "ఏవండీ, ఆరొందల ఎనభై! కాలు తీయండి! తీయండంటుంటే మిమ్మల్నే!" అని గొంతు చించుకున్నది నువ్వు. నువ్వు తీయమన్నది యాక్సిలేటరు మీంచి అని వాళ్ళకీ తెలుసు. అయినా పెళ్ళాం తీయమంటే కాలు తీసే మొగుడన్న పేరు నాకు నిలిచిపోయింది. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం అంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఈ కథంతా నీకు తెలిసిందే. అయినా మొదటినుంచీ మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు ఎవరిదో ఈ ఉత్తరంతో తేలిపోవాలి.

బండి బరువుతో గుట్ట ఎక్కలేక రొప్పుతోందని గుసగుస మేస్త్రి షెడ్డుకి తీసుకువెళ్ళాం, గుర్తుందిగా. పక్కనున్నవాడికి కూడా వినపడని గొంతు ఆయనది. ఇంజనుకి ట్యూనింగు చేసి బలం పెంచుతానన్నాడు. డీజిలు ఎక్కువ పోయించి, పొగతో తిరిగే టర్బో చక్రం చేత ఇంజనుకి గాలి ఎక్కువ కొట్టిస్తానన్నాడు. అంతవరకు బాగుంది. ఆ తర్వాత పెట్టాడు మెలిక.

"కానీ పెద్దాయనా, రెండు మీటర్లు బిగించుకోవాలి. టర్బో గాలి ఎంత కొడుతోందో ఒకటి చెప్తుంది. ఇంజన్లోంచి పొగ ఎంత వేడిగా పోతోందో ఇంకోటి చెప్తుంది. అవి లేకపోతే నేను ఈ పని చెయ్యను. ఎక్కువ తాగే ఇంజను ఎక్కువ కాలుతుంది. వేడి ఏడొందలు దాటి అట్టే నిలబడిందా, లోపల పిస్టన్లు మైనమైపోతాయి" అన్నాడు.

నా కళ్ళముందు ఆ ముళ్ళు ఆడడానికి వీల్లేదన్నాను. ఇంజను బాధ నా అరికాలికి తెలుస్తుందన్నాను. ఆయన పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు మధ్యలోకి వచ్చావు నువ్వు. "ఆయన చూడకపోతే మానె. నా సీటు వైపు తిప్పి బిగించండి, నేను చూస్తాను" అన్నావు. నా బండిలో, నా ఇంజనుకి, నా ముందే. నేను లేచి పక్కనున్న టైర్ల కొట్టుకి పోయి కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి రెండు మీటర్లూ నీవైపు తిరిగి, నాకు వీపు చూపిస్తూ ఉన్నాయి. ఆ రోజునుంచి నా బండికి నేను డ్రైవర్ని, నువ్వు దేవతవి.

ఇదీ నా మాట. ఇక నీ ప్రశ్నలు.

అన్నం తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. వండుకునే తింటున్నాను. చిన్న గిన్నె అడుగు నల్లబడింది. దాన్ని నువ్వు చూడకముందే రాస్తున్నాను కనుక దాని గురించి మళ్ళీ అడగనక్కరలేదు. పెద్ద గిన్నె కూడా అంతే.

మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారా అని అడిగావు. నా మోకాళ్ళకి నేను రాసుకుంటాను. నీ మోకాలికి ఎవరు రాస్తున్నారో అది రాయలేదు నువ్వు.

వంటింటి కుళాయి కారుతోందా అన్నావు. కారుతోంది. కింద బకెట్టు పెట్టాను. ఆ చప్పుడు లేకపోతే ఇల్లు మరీ బోసిగా ఉంటుందని బాగుచేయలేదు. బద్ధకమని నువ్వంటావు. అను.

ఎత్తు ఎక్కాక ఇంజను వెంటనే ఆపేస్తున్నారా, ముల్లు దిగేదాకా ఉంచుతున్నారా అని అడిగావు. ఉంచాను. దీని సంగతి ఇంకా ఉంది, తర్వాత రాస్తాను.

మీటర్లు ఇంకా మీరే చదువుతున్నారా అని అడిగావు. దీని సంగతి అంతకంటే ఉంది.

ఇక ఆఖరుది. దాన్ని ఉత్తరం చివర, చిన్న అక్షరాలతో, ఏదో పప్పు ఉప్పు సంగతిలాగా రాశావు. నీ మాటలే తిరిగి రాస్తాను, నీకు గుర్తుండాలని. "ఇక్కడ నిశ్శబ్దంగా ఉంది. ఆ ఇంజను మోత మీద అరిచి అరిచి పోయిన నా గొంతు మళ్ళీ నాకు వినిపిస్తోంది. అక్క ఇక్కడే ఉండిపొమ్మంటోంది. కుట్టుపని ఇద్దరికీ సరిపోతుంది. రమ్మంటే వస్తాను, ఉండమంటే ఉంటాను. ఏదో ఒకటి చెప్పండి. మీకు బండి ఉంది కదా."

మీకు బండి ఉంది కదా! ఆ ముక్క దగ్గర ఉత్తరం మడిచి జేబులో పెట్టేసుకున్నాను. మళ్ళీ తీశాను. మళ్ళీ మడిచాను. కాగితం మడత దగ్గర చిరిగింది కూడా. రమ్మంటే వస్తుందట, ఉండమంటే ఉంటుందట! ఏడేళ్ళు నన్ను అడక్కుండా నా కాలు తీయించినదానివి, ఇప్పుడు నీ కాలు ఎక్కడ పెట్టాలో నన్ను అడుగుతున్నావా?

ఇది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నువ్వు ఊరికి బయలుదేరిన రోజు యార్డులో, సంచీ చేతిలో పట్టుకుని, "నేను లేనప్పుడు గుట్ట మీదికి లోడు ఒప్పుకోకండి" అన్నావు. హమాలీలు ముసిముసిగా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు లేకపోతే బండి ఆగిపోతుందా? ముల్లు చూడ్డానికి రెండు కళ్ళుంటే చాలు, అవి నాకూ ఉన్నాయి" అన్నాను. నువ్వు సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని బస్సెక్కావు. అన్నమాట అన్నాను. కాదనను. కానీ ఆ మాటకి ముందు ఏడేళ్ళు ఉన్నాయి, అది కూడా కలుపుకో.

నువ్వు వెళ్ళిన మర్నాడే స్క్రూడ్రైవరు తీసుకుని రెండు మీటర్లూ నావైపు తిప్పుకున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. లోడుతో గుట్ట ఎక్కాను. ఆ వంకర మలుపు దగ్గర, నువ్వు ప్రతిసారీ "ఏడొందలు, ఏడొందలు, కాలు తీయండి" అని గగ్గోలు పెట్టే చోట, ముల్లు ఎక్కడుందో తెలుసా? అయిదొందల యాభై దగ్గర.

మీటరు చెడిందనుకున్నాను. టైర్ల కొట్టాయన్ని నీ సీట్లో కూర్చోబెట్టుకుని మళ్ళీ ఎక్కాను. ఆయన కళ్ళు మంచివి. "అయిదొందల నలభై… అయిదొందల యాభై… అంతే, ఇంక కదలట్లేదు" అన్నాడు. అదే బరువు, అదే మలుపు, అదే గేరు. ఇంక నాకు అనుమానం లేకపోయింది. ఏడేళ్ళపాటు నా పెళ్ళాం నాకు నూటయాభై కలిపి చెప్పిందని అర్థమైంది. ఆ కోపంలోనే కిందటి ఉత్తరం రాశాను. అందులో నిన్ను ఏమన్నానో మళ్ళీ ఇక్కడ రాయను. నీ దగ్గర ఉందిగా.

దానికి నువ్వు అప్పట్లో ఇచ్చిన జవాబు ఒక్క ముక్క. "నేను అబద్ధం చెప్పలేదు. మేస్త్రినడగండి. అడిగేదాకా గుట్ట ఎక్కకండి."

నేను వెళ్ళి మేస్త్రిని అడగడమా? ఏమని? అయ్యా, నా పెళ్ళాం నాతో ఏం చెప్పేదో కాస్త నువ్వు చెప్పు అనా? నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నువ్వెప్పుడూ దెప్పుతావు. ఉన్న నాలుగో కాలు కూడా నువ్వే తీయించావు మరి. నేను అడగలేదు.

అడక్కపోగా, నీతో నిజం చెప్పాలంటే, పండగ చేసుకున్నాను. ముల్లు ఏడొందలు తాకేదాకా నాదే రాజ్యం కదా! ఏడేళ్ళుగా తొక్కనివ్వని కాలు తొక్కాను. ఒక గేరు పైనే ఉంచి గుట్ట ఎక్కించాను. మీసాలాయన, అదే, ఆ ఎర్ర లారీ, ఎప్పుడూ మన వెనకనుంచి హారను కొట్టి సతాయించేవాడు, అతన్ని ఎత్తు మీదే దాటేశాను. గుట్ట పైన సరుకు దించే యార్డులో అతను దిగి వచ్చి, "ఏంటి పెద్దాయనా, ఇవాళ అమ్మగారు లేరా?" అన్నాడు. "లేదు, ఇవాళ కాలుంది" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులు అలా నవ్వాను.

పైన లోడు దించేముందు, నువ్వు చెప్పినట్టే, వేడి మీద ఆపితే టర్బో చెడుతుందని, ఇంజను ఆపకుండా ముల్లు దిగేదాకా ఉంచేవాణ్ణి. అక్కడే నాకు కొంచెం తేడాగా అనిపించేది. నువ్వున్నప్పుడు ఆ ముల్లు దిగడానికి ఎంతసేపు పట్టేది! నువ్వు బత్తాయి వొలిచి, తొనలు తీసి, గింజలు ఏరి, నాకు సగం ఇచ్చేదాకా దిగేది కాదు. "ఆపెయ్యనా?" అంటే "ఆగండి, ఇంకా మూడొందల యాభై" అనేదానివి. ఇప్పుడు నేను నీళ్ళ సీసా మూత తిప్పేలోపలే రెండొందలకి వచ్చేసేది. సరే, మీటరు నావైపు తిరిగాక దానికి బుద్ధి వచ్చిందనుకున్నాను.

ఇక్కడిదాకా రాసి లేచి, కుళాయి కింద బకెట్టు పారబోసి వచ్చాను. ఇంక దాచి లాభం లేదు.

బండి లేదు. అంటే ఉంది. గుసగుస మేస్త్రి షెడ్డులో, ఇంజను దించేసి, కింద చెక్కమొద్దులు పెట్టి ఉంది. నాకు బండి ఉంది కదా అని రాశావే, ఆ బండి ఇది.

ఆ రోజు సిమెంటు లోడు. ఎప్పటికంటే ఎక్కువ ఏమీ కాదు. వంకర మలుపు ఇంకా రాకముందే గాలి మీటరు ముల్లు ఒక్కసారిగా కిందికి వాలింది. చూశాను. చూసి, ఈ మీటరు చెడినట్టుందే అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నామీదే పుట్టి ఉంటుంది. బండి బలం తగ్గింది, నేను కాలు ఇంకా నొక్కాను. అద్దంలో వెనక నల్లగా పొగ. వేడి ముల్లు ఆరొందలు దాటింది, ఆరొందల యాభై దాటింది, ఆరొందల తొంభై దగ్గర నిలబడింది. నేను దాన్ని అక్కడే పట్టుకుని ఉంచాను. గొప్పగా! ఏడొందలు దాటనివ్వకుండా, కళ్ళజోడులోంచి చూస్తూ, చూడు నేను కూడా చూసుకోగలను అని ఆ ఖాళీ సీటుకి చెప్పుకుంటూ, మలుపంతా అలాగే ఎక్కించాను.

మలుపు తిరిగాక ఇంజనులోంచి ఎవరో లోపలినుంచి తలుపు బాదుతున్నట్టు చప్పుడు. తెల్లటి పొగ. ఆ తర్వాత కాలు నొక్కినా తీసినా ఒకటే.

బండికి రాయి అడ్డం పెట్టి రోడ్డు పక్కన కూర్చున్నాను. మొదట వచ్చిన బండి ఎవరిదో చెప్పనక్కరలేదు. మీసాలాయన దిగి, పొగ చూసి, నన్ను చూసి, తాడు తీస్తూ నెమ్మదిగా అన్నాడు, "ఏం పెద్దాయనా, కాలు తీయలేదా?"

ఎగతాళిగా అనలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

ఇంజను విప్పాక మేస్త్రి పిస్టను తీసి నా చేతిలో పెట్టాడు. అంచు కొవ్వొత్తిలా కారి ఉంది. టర్బో నుంచి వచ్చే గాలి గొట్టం క్లిప్పు వదులై ఊడిందట. గాలి తగ్గిపోయింది, డీజిలు మాత్రం పోస్తూనే ఉన్నాను, అందుకని వేడి పెరిగిపోయింది. గాలి ముల్లు పడిందంటే, వేడి ముల్లు లేచిందంటే, వెంటనే కాలు తీసి బండి ఆపాలట. ఆయన ఇదంతా చెప్పి, ముందు అడగాల్సింది ఆఖర్న అడిగాడు.

"అమ్మగారేరి?"

"ఊరెళ్ళింది. మీటరు నేనే చూశా. ఏడొందలు దాటనివ్వలేదు" అన్నాను.

"ఎంత చూపించింది?"

"ఆరొందల తొంభై."

ఆయన చేతిలో గుడ్డ కింద పెట్టేశాడు. "కలపలేదా?" అన్నాడు.

"ఏం కలపాలి?"

"అమ్మగారు కలిపేవారే!" అన్నాడు. మొట్టమొదటిసారి ఆయన గొంతు షెడ్డు అవతలిదాకా వినపడింది.

అప్పుడు చెప్పాడు. వేడి మీటరు తీగ చివర ఆ వేడి పట్టే పుల్ల ఉందే, అది టర్బోకి ముందు పెట్టాలట. అలా పెట్టాలంటే ఇంజనులోంచి పొగ వచ్చే ఇనపగొట్టానికి బెజ్జం వెయ్యాలి, ఆ రజను టర్బోలో పడకుండా అంతా విప్పదీయాలి. ఆ రోజు నేను బండి సాయంత్రానికల్లా కావాలని కూర్చున్నానట. అందుకని టర్బోకి వెనక పెట్టాడు. టర్బోని తిప్పేసరికి పొగ సగం కోపం పోగొట్టుకుంటుంది. అక్కడ అయిదొందల యాభై అంటే ముందు ఏడొందలు. "ఎత్తు మీద నూటయాభై కలుపుకోండమ్మా, చదును మీద వంద కలుపుకోండి, మోత బట్టి, బరువు బట్టి అని అమ్మగారికి చెప్పా" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?" అన్నాను.

"మీరు టైర్ల కొట్లో అలిగి కూర్చున్నారు" అన్నాడు.

పోనీ, ఆయన చెప్పలేదు. ఏడేళ్ళు పక్కన కూర్చున్నదానివి, నువ్వయినా చెప్పకూడదా? ఇదే రాసి నిన్ను కడిగేద్దామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే గుర్తొచ్చింది. మీటర్లు బిగించాక మొదటిసారి గుట్ట ఎక్కుతున్నప్పుడు నువ్వు "ఏవండీ, ఇది తక్కువ చూపిస్తుందట, మేస్త్రి ఏమన్నాడంటే" అని ఎత్తుకున్నావు. "నాకు లెక్కలు చెప్పకు, ఒక్క అంకె చెప్పు చాలు" అన్నాను. నాకు గుర్తు లేదని రాద్దామనుకున్నాను. గుర్తుంది. ఆ మాట నా మాటలాగే ఉంది, ఇంకెవరిదీ అయ్యుండదు.

అందుకని నువ్వు ఒక్క అంకె చెప్పావు. ఒక కంట ఆ ముల్లు, ఒక కంట ఈ ముల్లు చూస్తూ, ఎత్తుకి ఒక కూడిక, చదునుకి ఒక కూడిక వేసుకుని, ఇంజను మోత మీదుగా అరిచి, తిట్లు తిని. నేను బస్తాలు లెక్కపెట్టడానికే వేళ్ళు మడుస్తాను. కిందటి ఉత్తరంలో నిన్ను అన్న మాటలు ఉన్నాయే, ఆ కాగితం చింపి పొయ్యిలో వెయ్యి. మీ అక్క చదివేసి ఉంటే ఆవిడకి కూడా చెప్పు, ఆ మాటలు వెనక్కి తీసుకున్నానని. ఇది ఒక్కసారే రాస్తాను. మళ్ళీ రాయమనకు.

అయితే, అయిపోలేదు. నిన్ను ఒకచోట పట్టుకున్నాను.

మేస్త్రి అంతా చెప్పాక నేను ఒక మాట అడిగాను. "ఎత్తు మీద నూటయాభై, చదును మీద వంద, సరే. బండి నిలబెట్టాక, ఉత్తినే ఇంజను ఆడుతున్నప్పుడు ఎంత కలపాలి?" అని. ఆయన, "నిలబెట్టాక కలపడానికేముంది పెద్దాయనా? అప్పుడు ముందూ వెనకా ఒకటే. ముల్లు రెండొందలకొస్తే ఆపెయ్యడమే. అమ్మగారికి అదీ చెప్పాగా" అన్నాడు.

అదీ చెప్పాడట నీకు.

మరి నేను "ఆపెయ్యనా?" అన్నప్పుడల్లా "ఇంకా మూడొందల యాభై, ఆగండి" అన్నది ఎవరు? బత్తాయి మొత్తం అయ్యేదాకా, పక్కవీధి వాళ్ళ తగువు పూర్తయ్యేదాకా, వంటింటికి ఏ రంగు వేయించాలో నాలుగుసార్లు మార్చుకునేదాకా, ఆ ముల్లుని దిగనివ్వనిది ఎవరు? నేను లోడు దించాలి, కాటా చీటీ తీసుకోవాలి, నాలుగు మాటలు అనిపించుకోవాలి. అవన్నీ మానుకుని స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాణ్ణి, ఇంజను పాడవుతుందన్న భయంతో. ఇంట్లో నేనెప్పుడు కూర్చున్నాను అలాగ? నీ మోకాలు నొప్పి సంగతి నేను మొదట విన్నది ఆ గుట్ట మీదే. మీ అక్కకి ఒంట్లో బాగుండట్లేదని విన్నదీ అక్కడే. చిన్నప్పుడు మీ ఇద్దరూ ఒకే గౌను వంతులేసుకుని తొడుక్కునేవాళ్ళని విన్నదీ అక్కడే. పోలేక, కదల్లేక విన్నాను.

గుట్ట మీద నువ్వు చెప్పింది నిజమని మేస్త్రి సాక్ష్యం చెప్పాడు. పైన నిలబెట్టాక చెప్పింది మాత్రం పచ్చి అబద్ధమని కూడా ఆయనే చెప్పాడు. ఏడేళ్ళ అబద్ధం. దీనికేమంటావు? కోపంతో అడగట్లేదు. ఊరికే అడుగుతున్నాను. జవాబు రాయి.

ఇక నీ ఆఖరి ప్రశ్న.

మేస్త్రి కొత్త పిస్టన్లు వేస్తున్నాడు. ఖర్చు సంగతి అడగకు, నేను చూసుకుంటాను. ఈసారి ఆ వేడి పుల్ల టర్బోకి ముందు పెట్టమన్నాను. ఇనపగొట్టం విప్పి, బెజ్జం వేసి, రజను తుడిచి, మళ్ళీ బిగించేదాకా దగ్గరే నిలబడి చూశాను. ఒకసారి టైర్ల కొట్టాయన పిలిచినా కదల్లేదు. కనుక ఇకమీదట ఎవరూ ఏమీ కలపనక్కరలేదు. ముల్లు ఏది చూపిస్తే అదే నిజం. కళ్ళున్నవాడెవడైనా చదువుకోవచ్చు, నేనూ చదువుకోగలను. ఇది ముందే ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు లేకపోతే బండి నడవక బతిమాలుకుంటున్నాడని మీ అక్క అనుకోకూడదు. బండి నడుస్తుంది.

మీటర్ల పని అంతా అయిపోయింది. ఒక్కటే మిగిలింది. మీటర్లు బిగించే రేకు. మేస్త్రి స్క్రూలు చేత్తో పట్టుకుని, "ఎటు తిప్పి బిగించమంటారు?" అని అడిగాడు. చెప్పబోయాను. "శుక్రవారం చెప్తాను" అన్నాను. ఆయన ఎప్పట్లాగే ఏదో గొణిగాడు, నాకు వినపడలేదు. నవ్వాడని మాత్రం తెలిసింది.

నా వైపు అని నువ్వు రాస్తే నా వైపే బిగించుకుంటాను. గుట్ట పైన ముల్లు దిగేదాకా కూర్చుంటాను, ఎంతసేపు, నీళ్ళు తాగేంతసేపు. నాకేం ఇబ్బంది లేదు. నువ్వు మీ అక్క దగ్గర నిశ్శబ్దంగా కుట్టుకోవచ్చు. నీ వైపు అని రాస్తే అటు బిగించి, నీ సీటుకి ఈసారి కొంచెం మెత్తటి దిండు వేయిస్తాను, మోకాలు చాపుకోవడానికి కింద ఆ పనిముట్ల పెట్టె తీయించేస్తాను. ఇప్పటికే తీయించేశాను, అది అడ్డంగా ఉందని, వేరే కారణమేం లేదు.

ఫోను చెయ్యకు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు, మీ అక్క పక్కనుంచి సలహాలిస్తుంది, నేను ఏదో ఒకటి అనేస్తాను. రాసి పంపు. ఈ ఉత్తరం నీకు సోమవారానికల్లా చేరుతుంది. వెంటనే రాస్తే గురువారానికి నా చేతిలో ఉంటుంది. శుక్రవారం పొద్దున్నే మేస్త్రి స్క్రూలు బిగించేస్తాడు, మళ్ళీ మళ్ళీ విప్పడానికి ఆయన ఒప్పుకోడు. రమ్మనడం, ఉండమనడం నాకు చేతకాదు. అడిగింది ఒక్కటే, ఒక్క ముక్కతో జవాబు చెప్పు.

మీటర్లు నీ వైపా, నా వైపా? గురువారం లోపల.

ఇట్లు,
నీ పెనిమిటి
కాలుతీయండి